బజ్జీల బండి రిజిస్ట్రేషన్‌తో జంతికల ప్యాకెట్లు అమ్మొచ్చా? – సమాధానం

విశాఖ బీచ్ రోడ్డులోని బజ్జీల బండికి తీసుకున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ మీదే ఎంవీపీ కాలనీ కొట్లకు జంతికల ప్యాకెట్లు వేయొచ్చా అని అడిగారు. వద్దండి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు ఆ బండికీ, ఆ వ్యాపారానికే. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చే వెండింగ్ సర్టిఫికెట్ వీధిలో అమ్ముకోవడానికే, జంతికల తయారీకి చెల్లదు. జంతికలు వండే ఇంటి చిరునామాతో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫాస్కాస్ పోర్టల్‌లో తయారీ కింద విడిగా దరఖాస్తు పెట్టండి.

అసలు చిక్కంతా లేబుల్ దగ్గరే. దినుసులు ఎక్కువ పడినదాని నుంచి తక్కువకు వరుసగా రాయాలి. తయారీ తేదీ, ఎమ్మార్పీ, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, శాకాహార గుర్తుగా చదరంలో ఆకుపచ్చ చుక్క తప్పనిసరి. కవరు బరువు కలిపి 200 గ్రాములని వేస్తే తూనికల శాఖ కేసు రాస్తుంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ఆ శాఖ ముద్ర వేయించండి.

నూనె నీలిపొగ కక్కినా, నురగ అణగకపోయినా పారేయండి, దయచేసి.