విసెరా నివేదిక, పురుగుమందు డబ్బా మీది త్రికోణం, మెడలోని బిళ్ళలు

విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి ఇటీవల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విష పరీక్షల గురించో, క్యాన్సర్ ఆపరేషన్ల గురించో ఉన్నాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, వాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మా బావ మిర్చి తోటకు మందు కొట్టి వచ్చిన సాయంత్రమే వాంతులు చేసుకుని పడిపోయాడు. ఆస్పత్రిలో ఐదు రోజులు వెంటిలేటరు మీద ఉండి చనిపోయాడు. పోస్టుమార్టంలో అవయవాలు (విసెరా) తీసి పరీక్షకు పంపారు. చాలా నెలలకు వచ్చిన నివేదికలో 'విషపదార్థం ఏదీ కనిపించలేదు' అని ఉంది. దాన్ని చూపించి బీమా వాళ్లు సొమ్ము ఇవ్వబోమంటున్నారు. ల్యాబు పొరపాటు పడిందా?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి ల్యాబును తప్పుపట్టవలసిన అవసరం కనిపించడం లేదు. 'విషం కనిపించలేదు' అంటే, పరీక్షకు వచ్చిన నమూనాలో, వాళ్లు వెతికిన పదార్థాల్లో ఏదీ, పరికరం పట్టగలిగినంత మోతాదులో లేదని మాత్రమే అర్థం. మనిషి ఒంట్లోకి విషం వెళ్లలేదని ఆ నివేదిక చెప్పదు; చెప్పే శక్తి కూడా దానికి లేదు.

మీ బావగారి విషయంలో ఆ ఐదు రోజుల చికిత్సే ముఖ్య కారణం అయి ఉండవచ్చు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందులు ఒంట్లో చేరాక ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. ఆ ఎంజైము లేకపోతే నరాల నుంచి కండరాలకూ గ్రంథులకూ వెళ్లే సంకేతం ఆగవలసిన చోట ఆగదు. అందుకే చెమటలు, వాంతులు, నోటి వెంట నురగ, కంటిపాప బాగా చిన్నదైపోవడం, చివరికి ఊపిరి తీసే కండరాలు పట్టు తప్పడం వరుసగా జరుగుతాయి. అయితే మందు చేసిన నష్టం నిలిచి ఉంటుంది గానీ, మందు నిలిచి ఉండదు. కాలేయం దాన్ని విరగ్గొడుతుంది, ఆ శకలాలు మూత్రంలో వెళ్లిపోతాయి. పైగా పిచికారీ చేసేటప్పుడు చర్మం ద్వారానో ఊపిరి ద్వారానో ఎక్కిన మందు జీర్ణాశయంలో మొదటినుంచీ ఉండదు. మనవాళ్లు ప్రధానంగా వెతికేది మాత్రం జీర్ణాశయంలోనూ కాలేయంలోనూ.

అవయవాలను భద్రపరిచే తీరు కూడా తెలుసుకోదగ్గదే. రసాయన పరీక్షకు పంపే భాగాలను ఫార్మలిన్‌లో వేయరు. అది కణజాలాన్ని గట్టిపరిచి విషాన్ని వెలికితీయడం కష్టం చేస్తుంది. సాధారణంగా వాడేది చిక్కటి ఉప్పు నీరు. ఎంత చిక్కదనం అంటే, కలిపాక కరగని ఉప్పు సీసా అడుగున ఇంకా కనబడుతూ ఉండాలి. జీర్ణాశయం, అందులో ఉన్న పదార్థం, చిన్నపేగు ముక్క ఒక సీసాలోకీ, కాలేయం, మూత్రపిండాల భాగాలు మరో సీసాలోకీ వెళతాయి. కుళ్లినప్పుడు పుట్టే వాయువుకు చోటుండాలని సీసాను పైదాకా నింపరు. అదే ఉప్పు నీటిని ఏ అవయవమూ వేయకుండా ఇంకో సీసాలో విడిగా పంపుతారు. విషం బయటపడితే అది ఉప్పు నీటిలోంచి వచ్చినది కాదని నిరూపించడానికి. రక్తంలో సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు, ఎందుకంటే సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి, ప్రాణం పోయాక కూడా మద్యాన్ని పుట్టించగలవు. తాగి బండి నడిపాడన్న నింద కొన్నిసార్లు ఈ ఒక్క పొడి కలపకపోవడం వల్ల పడుతుంది. చివరికి లక్క సీలు వేసి, ఆ సీలు నమూనాను కూడా జతచేసి పోలీసులకు అప్పగిస్తారు. ఇందులో ఏ మెట్టు దగ్గర ఆలస్యం జరిగినా, ఎండల్లో సీసాలు వారాల తరబడి బయట ఉన్నా, తేలికగా విరిగిపోయే రసాయనాలు మాయమవుతాయి. గన్నేరు, పచ్చగన్నేరు వంటి మొక్కల విషాలు, పాము విషం అయితే మామూలు వరస పరీక్షల్లో దొరకకపోవడమే ఎక్కువ.

మీరు చేయవలసింది ఇది. మరణ కారణంపై తుది అభిప్రాయం ఇవ్వవలసింది ల్యాబు కాదు, పోస్టుమార్టం చేసిన డాక్టరు. ఆయన రసాయన పరీక్ష వచ్చేదాకా అభిప్రాయాన్ని నిలిపి ఉంచుతారు. ఆస్పత్రి నుంచి కేసు షీటు ధ్రువీకరించిన ప్రతులు తీసుకోండి. చేరిన రోజు రక్తంలో కోలినెస్టరేజ్ ఎంజైము ఎంత ఉంది, విరుగుడు మందులైన అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్ ఎంత ఇచ్చారు, కంటిపాప ఎలా ఉంది అన్నవి అందులో ఉంటాయి. రోజుల తరబడి అంత అట్రోపిన్ తట్టుకున్న మనిషి ఒంట్లో ఏముందో ఆ షీటే చెబుతుంది. వాటిని కేసు నమోదైన స్టేషను ఎస్సై ద్వారా డాక్టరుకు అందజేసి తుది అభిప్రాయం కోరండి. ఇలాంటి మరణాలు 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షను కిందికి వస్తాయి; అంతకుముందువి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 174వ సెక్షను కింద ఉంటాయి. విసెరాలో విషం దొరకనంత మాత్రాన విషప్రయోగం జరగలేదని అనుకోనక్కర్లేదని, మిగతా ఆధారాలను కూడా చూడాలని సుప్రీంకోర్టు కూడా చెప్పి ఉంది. బీమా సంస్థకు రాసే ఉత్తరంలో ఈ సంగతి పేర్కొనండి.

ప్రశ్న: పురుగుమందు డబ్బా మీద ఆకుపచ్చ త్రికోణం ఉంటే భయం లేదని మా ఊరి దుకాణంలో చెబుతారు. అది ఎంతవరకు నిజం? ఆ రంగును ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?
— మిర్చి రైతు, తెనాలి ప్రాంతం

జవాబు: సగం నిజం. ఆ రంగు వెనక ఎలుకల మీద చేసిన ఒక పరీక్ష ఉంది. ఎంత మోతాదు ఇస్తే పరీక్షించిన జంతువుల్లో సగం చనిపోతాయో ఆ మోతాదును ఎల్‌డీ 50 అంటారు. 1927లో ట్రెవన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దీన్ని ప్రవేశపెట్టారు. మన నిబంధనల ప్రకారం నోటి ద్వారా ఇచ్చినప్పుడు కిలో శరీర బరువుకు ఆ మోతాదు 50 మిల్లీగ్రాముల లోపు అయితే ఎరుపు, 500 లోపు అయితే పసుపు, 5000 లోపు అయితే నీలం, ఆ పైన అయితే ఆకుపచ్చ. పాత పద్ధతిలో ఒక్కో రసాయనానికి పదుల సంఖ్యలో జంతువులు బలయ్యేవి. ఆ పద్ధతిని ఓఈసీడీ అనే దేశాల కూటమి 2002లో తన మార్గదర్శకాల నుంచి తీసేసి, చాలా తక్కువ జంతువులతో సరిపెట్టే పద్ధతులను ఉంచింది.

ఇప్పుడు మిగతా సగం. త్రికోణం చెప్పేది ఒక్కసారి ఒంట్లోకి వెళితే వెంటనే జరిగే హాని గురించే. సీజనంతా మందు కొట్టే చేతికి ఏళ్ల తరవాత ఏమవుతుందో అది చెప్పదు. దానికి వేరే పరీక్షలు ఉంటాయి: ఎలుకలకు 90 రోజులు తినిపించి చూసేవి, రెండేళ్లు తినిపించి క్యాన్సర్ గడ్డలు వస్తాయేమో చూసేవి, బాక్టీరియాలో జన్యువులు మారుతున్నాయేమో చూసే ఏమ్స్ పరీక్ష. వాటిలో ఏ హానీ కనిపించని మోతాదును తీసుకుని, ఎలుకకూ మనిషికీ ఉన్న తేడాకు పది, మనిషికీ మనిషికీ ఉన్న తేడాకు మరో పది, మొత్తం వంద రెట్లు తగ్గించి రోజువారీ పరిమితిని సాధారణంగా నిర్ణయిస్తారు. మిరపకాయలో ఎంత అవశేషం ఉండవచ్చన్న లెక్కను దీనితో సరిచూస్తారు. మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో లేబులు మీద రాసేది అందుకే. మన దగ్గర ఎక్కువమంది చదవనిది కూడా ఆ గడువే.

రంగును నమ్మి మోసపోకూడదనడానికి పారాక్వాట్ అనే కలుపుమందు మంచి ఉదాహరణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది 'ఒక మోస్తరు ప్రమాదకరం' తరగతిలోనే ఉంది. కానీ దీనికి విరుగుడు లేదు; మింగితే ఊపిరితిత్తుల్లో పేరుకుని వాటిని గట్టిపరుస్తుంది, ఊపిరి అందడం లేదని తొందరపడి ఎక్కువ ఆక్సిజన్ ఇస్తే ఆ నష్టం ఇంకా పెరుగుతుంది. అందుకే ఎవరికైనా మందు ఎక్కితే బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడిగి, ఉప్పు నీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం మాని, డబ్బాతో సహా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. డబ్బా మీది పేరు చూస్తేనే డాక్టరుకు ఏ విరుగుడు ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో తెలుస్తుంది. ఖాళీ డబ్బా ఇంట్లో ఏ పనికీ వాడకండి. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయినప్పుడు, వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్లు ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది.

ప్రశ్న: గడ్డకు సూది గుచ్చినా, కత్తి తగిలినా క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మా అత్తగారు బయాప్సీకి ఒప్పుకోవడం లేదు. ఆమెకు ఏమి చెప్పాలి?
— ఒక గృహిణి, భవానీపురం, విజయవాడ

జవాబు: బయాప్సీ వల్ల జబ్బు పాకడం చాలా అరుదు, బయాప్సీ లేకుండా ఏ జబ్బో తెలియక చేసే చికిత్స వల్ల నష్టం మాత్రం ఖాయం. సూది గుచ్చకూడని చోట్లు డాక్టర్లకు తెలుసు. ఉదాహరణకు వృషణంలో గడ్డ ఉంటే వృషణాల తిత్తి మీద నుంచి సూది గుచ్చరు, గజ్జ దగ్గర కోసి తీస్తారు. ఎముక, కండరం గడ్డలకైతే తరవాత చేయబోయే ఆపరేషను కోత ఏ గీత మీద పడుతుందో ఆ గీత మీదే సూది వేస్తారు. జబ్బు ముదిరాక ఆపరేషనుకు వెళ్లినవారు కొద్ది నెలల్లో పోవడం ఊళ్లో అందరూ చూస్తారు. నింద కత్తి మీద పడుతుంది.

మీ అత్తగారి భయాన్ని శాస్త్రవేత్తలు తేలిగ్గా కొట్టిపారేయలేదు కూడా. ఆపరేషను సమయంలో గడ్డను కదిలించడం వల్ల కణాలు బయటికి పోతాయేమోనన్న అనుమానంతో, ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం దేశంలోని 11 కేంద్రాల్లో సుమారు 1600 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీలపై అధ్యయనం చేసింది. సగం మందికి కోతకు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిడోకెయిన్ అనే మామూలు మత్తు మందు ఎక్కించారు. ఐదేళ్లకు ఆ మందు పడ్డవారిలో 90.1 శాతం, పడనివారిలో 86.4 శాతం బతికి ఉన్నారని 2023లో ప్రచురించారు. రెండు వర్గాలవారికీ కత్తి తగిలిందనీ, రెంటిలోనూ అత్యధికులు క్షేమంగా ఉన్నారనీ ఆమెకు చెప్పండి.

ప్రశ్న: మా నాన్నగారికి నాలుక పక్కన చిన్న పుండు. ఖైనీ అలవాటు ఉంది. క్యాన్సరని తేలింది. మెడలో బిళ్ళలు ఏవీ లేవని స్కాన్‌లో వచ్చినా, మెడలోని గ్రంథులు కూడా తీసేయాలని సర్జన్ అంటున్నారు. లేని జబ్బుకు కోత ఎందుకు? రొమ్ము క్యాన్సర్‌లో ఇప్పుడు తక్కువ కోస్తున్నారు కదా?
— ఒక ప్రైవేటు ఉద్యోగి, విజయవాడ

జవాబు: మీ సర్జన్ చెప్పినదానికి మన దేశంలోనే పుట్టిన గట్టి ఆధారం ఉంది. నోటి క్యాన్సర్ తొలి దశలో మెడను ముందే శుభ్రం చేయాలా, బిళ్ళ కనిపించాక తీస్తే చాలునా అని సర్జన్లు దశాబ్దాలపాటు రెండు వర్గాలుగా వాదించుకున్నారు. డాక్టర్ అనిల్ డిక్రూజ్ నాయకత్వంలో టాటా మెమోరియల్ ఆస్పత్రి 2004లో ఒక అధ్యయనం మొదలుపెట్టి, మెడలో ఏమీ కనిపించని రోగులను చీటీ వేసినట్లుగా రెండు వర్గాలు చేసింది. మొదటి 500 మంది ఫలితాలను చూసేసరికి, ముందే గ్రంథులు తీయించుకున్నవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉండగా, ఆగి చూసిన వర్గంలో 67.5 శాతమే ఉన్నారు. అంత తేడా కనిపించాక కొత్తవారిని చేర్చుకోవడం ఆపేసి 2015లో ఫలితాలు ప్రకటించారు. స్కాన్ చూడలేని కొద్దిపాటి కణాలు గ్రంథిలో ఉండవచ్చు. అవి బిళ్ళగా పెరిగి చేతికి తగిలే సమయానికి చాలామందిలో చెయ్యి దాటిపోతోంది.

రొమ్ము విషయంలో జరిగింది దీనికి ఎదురు. 1890ల నుంచి అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ చూపిన దారిలో రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను కూడా కలిపి తీసేవారు. ఎంత ఎక్కువ తీస్తే అంత క్షేమం అన్న నమ్మకాన్ని పరీక్షకు పెట్టడానికి ముప్పావు శతాబ్దం పైగా పట్టింది. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం 1851 మంది స్త్రీలను, ఇటలీలో వెరొనేసి బృందం 701 మందిని ఇరవై ఏళ్లు గమనించి, గడ్డను మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా ఆయుష్షులో తేడా లేదని 2002లో తేల్చాయి. రేడియేషన్‌ను మాత్రం వదలకూడదు: అమెరికా అధ్యయనంలో అది ఇవ్వనివారిలో 39 శాతం మందికి అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చింది, ఇచ్చినవారిలో 14 శాతం మందికే. ఆపరేషను అయ్యాక 'గడ్డ పోయింది కదా' అని రేడియేషన్‌కు వెళ్లనివాళ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

కాబట్టి రొమ్ములో తేలినదాన్ని నాలుకకు అన్వయించడం కుదరదు. మెడ ఆపరేషను తరవాత భుజం పైకెత్తడం కష్టం కావచ్చు, ఆ కండరానికి వెళ్లే నరం గ్రంథుల మధ్యనే ఉంటుంది కనుక. ఆ నరాన్ని కాపాడగలరా, వ్యాయామం ఎప్పటినుంచి మొదలుపెట్టాలి అన్నవి సర్జన్‌ను ముందే అడగండి. ఖైనీ ఆపరేషనుకు ముందే మానాలి.

ప్రశ్న: నేను బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. ఫోరెన్సిక్ ల్యాబులో విషం పట్టే యంత్రమే క్యాన్సర్ ఆపరేషను గదిలోకి కూడా వచ్చిందని విన్నాను. నిజమేనా?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: నిజమే, దాని పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. అణువులకు విద్యుదావేశం ఇచ్చి, వాటి బరువును బట్టి వేరుచేసి చూపే పరికరం. ఫోరెన్సిక్ ల్యాబులో దీనికి ముందు క్రోమటోగ్రఫీ జతచేసి, కాలేయం నుంచి తీసిన ద్రావణంలో ఉన్న పదార్థాలను ఒక్కొక్కటిగా విడదీసి, వచ్చిన గీతలను తెలిసిన విషాల గీతలతో పోల్చి చూస్తారు. వేలిముద్రల రికార్డులో లేనివాడి ముద్ర దొరికినా మనిషి దొరకనట్లు, జాబితాలో లేని విషం గీతల్లో కనిపించినా పేరు తెలియదు. మొదటి ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఈ కారణం కూడా చేర్చుకోవచ్చు.

ఆపరేషను గదిలో సమస్య వేరు. గడ్డ అంచు ఎక్కడిదాకా ఉందో కంటికి తెలియదు కాబట్టి, సర్జన్ అంచు ముక్కను పంపితే పాథాలజిస్టు దాన్ని సున్నాకు దిగువన ఇరవై డిగ్రీల దాకా గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసి చెబుతారు. దీనికి సుమారు అరగంట పడుతుంది. అంతసేపూ రోగి మత్తులోనే ఉంటారు. విద్యుత్ కత్తితో కోసినప్పుడు లేచే పొగలోనే ఆ కణజాలపు అణువులు ఉంటాయి కదా, దాన్నే పరికరంలోకి పీల్చితే ఏమని లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్త జోల్టాన్ టకాట్స్ ఆలోచించారు. 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రోగుల ఆపరేషన్లలో 'ఐనైఫ్' అనే ఆ కత్తి చెప్పినది తరవాతి పాథాలజీ నివేదికతో పూర్తిగా కలిసింది. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో లీవియా ఎబర్లిన్ బృందం నీటి చుక్కను కణజాలానికి తాకించి పది సెకన్లలో పరీక్షించే పెన్నును చూపింది.

విషం విషయంలో వెతికేది ఫలానా రసాయనం. క్యాన్సర్‌కు అలాంటి ఒకే ఒక్క రసాయనం లేదు. కణాల పొరల్లోని కొవ్వు పదార్థాల పాళ్లు మారిన తీరును మొత్తంగా చూసి కంప్యూటరు ఊహిస్తుంది. ఆ ఊహ దానికి ముందు నేర్పిన నమూనాల నాణ్యతను బట్టి ఉంటుంది. పైగా కత్తి తగిలిన చోటి సంగతే తప్ప పక్కనున్న చోటి సంగతి అది చెప్పలేదు. అందుకే తీసిన గడ్డ అంచులకు సిరా పూసి, ముక్కలుగా కోసి, అన్ని వైపులా చూసి పాథాలజిస్టు కొన్ని రోజుల తరవాత ఇచ్చే నివేదికను బట్టే తరవాతి చికిత్సను నిర్ణయిస్తున్నారు.