టెక్సోమాలో స్ట్రైపర్ వేట: ఆగస్టులోనా, నవంబర్లోనా?

సందేహం: అన్నా, మేం డాలస్ వచ్చి నాలుగు నెలలైంది, ఫ్రిస్కోలో ఉంటున్నాం. ఆగస్టులో అమ్మానాన్నలు ఆరు నెలలుండేలా వస్తున్నారు. నాన్న గోదావరి గట్టున పెరిగిన మనిషి. టెక్సోమా చెరువులో స్ట్రైపర్లు (చారల చేపలు) బాగా పడతాయంటున్నారు, తీసుకెళ్దామనుకుంటున్నాను. లైసెన్స్ కావాలా? ఎక్కడ నిలబడితే పడతాయి?

తమ్ముడూ, ముందు లైసెన్స్ సంగతి. టెక్సస్‌లో ఆరు నెలలు వరసగా ఉంటేనే రెసిడెంట్ కింద లెక్క. నీకింకా నాలుగే, నాన్నగారు ఎలాగూ విజిటర్. కాబట్టి మామూలు లైసెన్స్ కొంటే ఇద్దరికీ ఎక్కువ రేటు పడుతుంది. టెక్సోమాకి విడిగా ఒక లైసెన్స్ ఉంది, నేను చివరిసారి కొన్నప్పుడు 12 డాలర్లు. అది తీసుకోండి. చెరువులో ఎక్కువ భాగం ఓక్లహోమా వైపే ఉంది. ఉత్త టెక్సస్ లైసెన్స్‌తో ఆ గీత దాటకూడదు, ఈ లైసెన్స్ రెండు వైపులా చెల్లుతుంది. ఒక్క మెలిక, ఎప్పుడు కొన్నా డిసెంబర్ 31తో సరి. నేను ఏడాదంతా పనికొస్తుందనుకుని జనవరి 2న పాత కాగితంతో వెళ్ళాను. గేమ్ వార్డెన్ (వేట రూల్స్ చూసే ఆఫీసర్) చలికి చేతులు రుద్దుకుంటూ మర్యాదగానే టికెట్ రాసిచ్చాడు. తప్పు నాదే, కానీ ఆ రోజు పట్టిన చేప రుచే తెలియలేదు.

ఇక ఎక్కడ పడతాయంటే, నెలని బట్టి. స్ట్రైపర్ అసలు సముద్రపు చేప, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కుతుంది. నాన్నగారికి పులస అని చెప్పు, ఇట్టే అర్థమవుతుంది. ఈ చెరువుని పుట్టించిన డెనిసన్ డ్యామ్ 1944లో పూర్తయ్యాక, 1965 నుంచి 1974 దాకా ఇందులో స్ట్రైపర్ పిల్లల్ని వదిలారు. ఆ తర్వాత అవసరమే రాలేదు. దీని గుడ్లు పొదిగేదాకా పారే నీళ్ళలో తేలుతూ ఉండాలి, అడుగుకి దిగితే పాడైపోతాయి. రెడ్ రివర్, వాషిటా నదులకి పైన అంత పొడవు ఉంది కాబట్టే ఇక్కడ సొంతంగా పెరుగుతున్నాయి. చాలా చెరువుల్లో ఆ వీల్లేక ఏటా హేచరీ నుంచి తెచ్చి పోస్తారు.

ఏప్రిల్‌లో పెద్దవి ఆ నదుల వైపు ఎగబాకుతాయి. మే, జూన్‌కల్లా తిరిగొచ్చి పొద్దున్నే నీటి పైన షాడ్ అనే చిన్న చేపల గుంపుల మీద పడతాయి. అన్నట్టు, ఎరగా వాడే ఆ షాడ్ మన పులసకి దూరపు చుట్టమే. ఆగస్టు మాత్రం చెడ్డ నెల. పైన నీళ్ళు కాగిపోతాయి, అడుగున చల్లగా ఉన్నా ఆక్సిజన్ ఉండదు. చేప ఆ రెంటి మధ్య ఇరుక్కుని ఉంటుంది. దాన్ని సోనార్ (నీటి కింద చేపల్ని చూపించే యంత్రం) ఉన్న పడవ వెతకాల్సిందే గానీ గట్టు మీది గాలానికి అందదు. నా మొదటి ఏడాది ఆగస్టు మధ్యాహ్నం మూడు గంటలు గట్టున నిలబడి, నీళ్ళలోకి దిగి జీబ్రా మస్సెల్ చిప్పల మీద కాలు కోసుకుని, ఖాళీ బకెట్‌తో ఇంటికొచ్చాను. చెప్పులు చాలవు, బూట్లు వేసుకోండి. ఇంకో సంగతి, ఆ వేడిలో లోతు నుంచి లాగిన స్ట్రైపర్‌ని తిరిగి వదిలినా చాలావరకు బతకదు. పట్టి వదిలే సరదా ఎండాకాలంలో వద్దు.

అమ్మానాన్నలు ఆరు నెలలు ఉంటారు కదా, తొందరేముంది? అక్టోబర్ చివర్లోనో నవంబర్‌లోనో తీసుకెళ్ళు. నీళ్ళు చల్లబడి చేపలు మళ్ళీ పైకొస్తాయి. తెల్లటి గల్ పక్షులు ఒకచోట గుంపుగా దూకుతుంటే కింద స్ట్రైపర్లు షాడ్‌ని తరుముతున్నట్టే. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఇంకా పెద్దవి పడతాయి గానీ, ఆ పడవ మీది గాలి పెద్దాయనకి వద్దు. ఏ నెలైనా దక్షిణపు గాలి గట్టిగా ఉంటే గైడ్ (పడవలో తీసుకెళ్ళి చేపలు పట్టించేవాడు) రానంటాడు, బతిమాలొద్దు. పెద్ద చెరువు, అలలు తమాషాగా ఉండవు.

మొదటిసారి గైడ్‌తోనే వెళ్ళండి. గట్టు మీద సరదాగా కూర్చోవాలంటే ఐసెన్‌హోవర్ స్టేట్ పార్క్ ఉంది. లోపలికి వెళ్ళడానికి ఫీజు తప్ప, పార్క్ ఒడ్డున గాలం వేయడానికి లైసెన్స్ అడగరు.

చెరువులో రోజుకి మనిషికి 10 స్ట్రైపర్లు, హైబ్రిడ్‌లు (స్ట్రైపర్‌కీ సాండ్ బాస్‌కీ పుట్టినవి) కలిపి. అందులో 20 అంగుళాలు, ఆపైన ఉన్నవి రెండే. పెద్దది పడిందని చిన్నదాన్ని మార్చుకుంటామంటే కుదరదు. సాండ్ బాస్ కూడా చారలతో అలాగే ఉంటుంది, దాని లెక్క వేరు. అనుమానమొస్తే చేప నాలుక మీద వేలు పెట్టి చూడు. గరుకు పళ్ళు రెండు బద్దీలుగా తగిలితే స్ట్రైపర్, ఒక్కటే ఉంటే సాండ్ బాస్.

అన్నిటికన్నా ముఖ్యమైంది పడవెక్కే ముందే గైడ్‌కి చెప్పు, తలకాయలు పారేయొద్దని. వాళ్ళు ఒడ్డుకి రాగానే ఎలక్ట్రిక్ కత్తితో రెండు పక్కలా ఫిల్లే (ముల్లు లేని కండ) లాగేసి, తల, ముల్లు అవతల పడేస్తారు. మా అత్తగారు ఆ బకెట్ చూసి నన్ను రెండు రోజులు తిట్టారు. ఫిల్లే పక్కన ఎర్రటి కండ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం తీయించు, లేకపోతే కూర నీచు కొడుతుంది. ముల్లు లేని ముక్క పులుసులో విడిపోతుంది, వేపుడుకి ఉంచు. పులుసుకి తలకాయలు, నడుము ముక్కలు. ఐస్ పెట్టె పెద్దది తీసుకెళ్ళు.