ఇన్‌డిజైన్‌లో పేజీ పైన ఖాళీ, విషయసూచికలో వంకర అంకెలు

పుస్తకాల పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో కొన్ని పేజీల పైన ఒక లైను ఖాళీ వస్తోందనీ, విషయసూచికలో పేజీ అంకెలు ఒక వరుసలో నిలవడం లేదనీ అడిగారు. పేరాల మధ్య దూరం కోసం రెండుసార్లు ఎంటర్ కొడుతున్నానని మీరే రాశారు కదండీ, ఆ ఖాళీ రావడానికి కారణం అదే. ఆ ఉత్త ఎంటర్ కూడా ఇన్‌డిజైన్ లెక్కలో ఒక పేరానే, పేజీ మొదట్లో పడితే అక్కడా చోటు ఆక్రమిస్తుంది. కంట్రోల్, ఆల్ట్, ఐ కలిపి నొక్కండి, ఎంటర్, ట్యాబ్ లాంటి దాగిన గుర్తులన్నీ కనబడతాయి. ఫైండ్ ఛేంజ్‌లో ‘మల్టిపుల్ రిటర్న్ టు సింగిల్ రిటర్న్’ అనే క్వెరీ (వరుస ఎంటర్లను ఒక్కటిగా మార్చే వెతుకులాట) రెడీగా ఉంటుంది, దాంతో అన్నీ ఒకేసారి తీసేసి పేరాగ్రాఫ్ స్టైల్‌లో స్పేస్ ఆఫ్టర్ (పేరా తర్వాత వదిలే దూరం) 2 మి.మీ. పెట్టండి. పేరాలు బేస్‌లైన్ గ్రిడ్‌కు (లైన్లు కూర్చునే సమాన దూరపు గీతలకు) అలైన్ అయి ఉంటే మాత్రం ఆ 2 కాస్తా పూర్తి లైనుకు దూకుతుంది, ఓసారి చూసుకోండి.

ఇక సూచికలో అంకెలు. స్పేస్‌బార్‌తో జరిపితే ఎన్నటికీ కుదరవు, మన అక్షరాల్లో ‘ర’ వెడల్పు వేరు, ‘ఘ’ వెడల్పు వేరు. అధ్యాయం పేరు తర్వాత ఒకే ఒక్క ట్యాబ్ ఉంచండి. మొత్తం సెలెక్ట్ చేసి, కంట్రోల్ షిఫ్ట్ టి నొక్కితే ట్యాబ్స్ ప్యానెల్ వస్తుంది, అందులో కుడి అలైన్ బాణాన్ని రూలర్ చివర పెట్టి, లీడర్ గడిలో (పేరుకీ అంకెకీ మధ్య నింపే గుర్తు కోసం) చుక్క కొట్టి ఎంటర్ నొక్కండి. 9 అయినా 112 అయినా కుడి అంచుకే ఆనుకుంటాయి.