ఫ్రాన్సులో ‘ఇంజినీరింగ్ స్కూల్’ అంటే: గ్రెనోబుల్ చదువు గురించి ఒక తండ్రికి జవాబు

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి హైదరాబాదులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం చదువుతోంది. ఇంటర్ ఎంపీసీ నుంచీ తనకు లెక్కలంటే ప్రాణం. తోటివాళ్లంతా అమెరికా అంటుంటే తాను ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో ఎన్సిమాగ్ అనే స్కూల్లో చదువుతానంటోంది. యూనివర్సిటీ కాకుండా స్కూల్ అనేసరికి మాకు భయంగా ఉంది. తనకు ఫ్రెంచి రాదు. ఒక కన్సల్టెన్సీ వారేమో పారిస్‌లో వేరే కాలేజీలో సీటు వెంటనే ఇప్పిస్తామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం ‘స్కూల్’ అన్న మాట దగ్గర మొదలైంది కనుక నేనూ అక్కడే మొదలుపెడతాను. ఫ్రాన్సులో ఇంజినీరింగ్ చదువు ప్రధానంగా ‘ఎకోల్’ (ఫ్రెంచిలో స్కూల్ అని అర్థం) అనే సంస్థలలో సాగుతుంది. మన ఇంటర్‌తో సమానమైన పరీక్ష ముగిశాక అక్కడి విద్యార్థులు చాలామంది రెండేళ్లపాటు ‘ప్రెపా’ తరగతులలో గణితం, భౌతికశాస్త్రం గట్టిగా చదివి, పోటీ పరీక్ష రాసి, ర్యాంకును బట్టి ఈ సంస్థలలో చేరి మరో మూడేళ్లు చదువుతారు. మన జేఈఈ కోచింగు గుర్తుకు రావచ్చు. అయితే అక్కడ ఆ రెండేళ్లూ మొత్తం ఐదేళ్ల చదువులో భాగమే. ఇంజినీరు పట్టాకు 1934 నాటి చట్టం రక్షణ ఉంది. ఆ పట్టా ఇచ్చే అర్హత ఏ సంస్థకు ఉందో ఒక జాతీయ కమిషన్ ఎప్పటికప్పుడు పరిశీలిస్తుంది. ఈ పట్టా ఉన్నవారికి మాస్టర్స్ స్థాయి దానంతటదే వస్తుంది. కాబట్టి పేరులో స్కూల్ ఉన్నంత మాత్రాన మీ అమ్మాయి చదువు ఒక మెట్టు తగ్గదు.

ఎన్సిమాగ్ ప్రభుత్వ సంస్థ. కంప్యూటర్ సైన్స్ ఒక ప్రత్యేక శాస్త్రమని చాలాచోట్ల ఇంకా గుర్తించని రోజుల్లో, 1960లో, జ్యాఁ కున్ట్జ్‌మన్ అనే గణితాచార్యుడు దీన్ని స్థాపించారు. కంప్యూటింగునూ అనువర్తిత గణితాన్నీ విడదీయకుండా నేర్పడం ఆనాటి నుంచీ దీని పద్ధతి. నేడు ఇది గ్రెనోబుల్ ఆల్ప్స్ విశ్వవిద్యాలయ వ్యవస్థలో ఉన్న గ్రెనోబుల్ పాలిటెక్నిక్ సంస్థలో భాగం. అంటే మీరు కోరుకున్న యూనివర్సిటీ కూడా దాని వెనక ఉన్నట్టే. మీ అమ్మాయి బీటెక్‌లో చదివిన ఫోరియర్ సిరీస్‌కు పేరిచ్చిన జోసెఫ్ ఫోరియర్ 1802 నుంచి ఈ ఊళ్లోనే ప్రభుత్వ పాలనాధికారిగా ఉంటూ, వేడి ఎలా ప్రసరిస్తుందన్న తన పరిశోధనను 1807లో సమర్పించాడు. లెక్కలంటే ప్రాణమిచ్చే పిల్లకు ఇది చిన్న విషయం కాదని నా నమ్మకం.

అక్కడ చదువు ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేరును కంపైలర్ అంటారు. మన దగ్గర కంపైలర్ డిజైన్ అంటే చాలా కాలేజీలలో పార్సింగ్ టేబుళ్లు కాగితం మీద వేసి మార్కులు తెచ్చుకోవడంతో సరిపోతుంది. ఎన్సిమాగ్ రెండో సంవత్సరం విద్యార్థులు సుమారు నెల రోజులపాటు ఇతర తరగతులేవీ లేకుండా, చిన్న చిన్న జట్లుగా కూర్చుని, జావాకు చిన్న చెల్లెలు వంటి ‘డెకా’ అనే ప్రోగ్రామింగ్ భాషకు పూర్తి కంపైలరును తామే రాస్తారు. పదాలను గుర్తించడం నుంచి యంత్రానికి అర్థమయ్యే కోడ్ పుట్టించడం వరకు, పరీక్షలు, పత్రాలతో సహా, అన్నీ వారి బాధ్యతే. ఆ తర్వాతి చదువులో ఆర్థికరంగ గణితం, సమాచార వ్యవస్థలు, గణిత నమూనాలు–చిత్రాలు–సిమ్యులేషన్ వంటి దారులు ఉంటాయి. సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, ఆప్టిమైజేషన్ ఏ దారిలోనైనా వెంట వస్తూనే ఉంటాయి. వెబ్ అప్లికేషన్లు రాసే ఉద్యోగం మాత్రమే లక్ష్యమైతే ఇంత గణితం భారమే అవుతుంది, ఆ సంగతి అమ్మాయికి ముందే తెలియాలి.

ఇక భాష. బీటెక్ పూర్తయినవారికి ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. మొదటిది, ఇంజినీరు పట్టా కోసం ఆ మూడేళ్ల చదువు మధ్యలో చేరడం. పాఠాలు ఎక్కువగా ఫ్రెంచిలోనే ఉంటాయి కనుక బీ2 స్థాయి (పాఠాలు, చర్చలు ఇబ్బంది లేకుండా అనుసరించగల స్థాయి) ఫ్రెంచి లేకుండా ఆ దారి తొక్కకూడదు. సున్నా నుంచి ఆ స్థాయికి రావాలంటే రోజూ చదివినా ఏడాదికి పైనే పడుతుంది. రెండోది, విశ్వవిద్యాలయమూ ఎన్సిమాగూ కలిసి ఆంగ్లంలో నడిపే రెండేళ్ల మాస్టర్స్. ఇన్ఫర్మాటిక్స్‌లో ‘మోసిగ్’, పారిశ్రామిక అనువర్తిత గణితంలో ‘ఎంసియామ్’ ఉన్నాయి. ప్రస్తుత పరిస్థితిలో మీ అమ్మాయికి నేను రెండోదే సూచిస్తాను. గణితంపై ఆమె పట్టు నిజంగా గట్టిదైతే ఎంసియామ్‌ను మొదటి ఎంపికగా పెట్టుకోవచ్చు. అయినా ఫ్రెంచి మానకూడదు. హైదరాబాదులో ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఇప్పుడే చేరితే వెళ్లేనాటికి ఇంటి అద్దె, డాక్టరు, బ్యాంకు వంటి పనులకు సరిపడా భాష వస్తుంది. క్లాసులో ఆంగ్లం ఉన్నా చాలా ఉద్యోగాల ఇంటర్వ్యూలు ఫ్రెంచిలోనే జరుగుతాయి.

కన్సల్టెన్సీ మాట విషయంలో మాత్రం దయచేసి తొందరపడకండి. ఫ్రాన్సులో ‘నేషనల్ మాస్టర్స్’ డిప్లొమా, ఇంజినీరు పట్టా రెండూ ప్రభుత్వం గుర్తించినవి. ‘మాస్తేర్’, ‘ఎమ్మెస్సీ’ వంటి పేర్లను మాత్రం ప్రైవేటు సంస్థలు తమ కోర్సులకు సులువుగా పెట్టుకోగలవు. వాటిలో మంచివీ ఉన్నాయి, కానీ పేరు చూసి గుర్తింపు ఉందని అనుకోకూడదు. ఆ కాలేజీ చివరికి ఏ డిప్లొమా ఇస్తుందో రాతపూర్వకంగా అడగండి. సూటిగా సమాధానం రాకపోతే ఆ సీటు వదిలేయండి. భారతదేశం నుంచి వెళ్లే విద్యార్థులు ఎలాగూ ఫ్రాన్సు ప్రభుత్వ సంస్థ అయిన ‘క్యాంపస్ ఫ్రాన్స్’ ద్వారానే నమోదు చేసుకుని, ఇంటర్వ్యూకు హాజరై, ఆ తర్వాత వీసాకు వెళ్లాలి. ఆ కార్యాలయం హైదరాబాదులోనూ ఉంది. ఈ పని అమ్మాయి స్వయంగా చేసుకోగలదు, దానికి లక్షలు పోయవలసిన అవసరం లేదు.

ఖర్చు సంగతి. ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులకు ప్రభుత్వ మాస్టర్స్ ఫీజును 2019లో ఏడాదికి 3,770 యూరోలుగా నిర్ణయించారు. ఆ తర్వాత కొద్దికొద్దిగా పెరిగింది. కొంతమందికి మినహాయింపు ఇచ్చే అధికారం సంస్థలకు ఉంది కనుక ప్రవేశ పత్రంలో రాసిన మొత్తాన్నే లెక్కలోకి తీసుకోండి. అసలు భారం ఫీజు కాదు, నివాస ఖర్చు. వీసా కోసం నెలకు కనీసం 615 యూరోల చొప్పున చూపమంటారు, వాస్తవంలో అంతకు మించే అవుతుంది. విద్యార్థి ఏడాదికి 964 గంటల వరకు పని చేయవచ్చు గానీ, ఆ సంపాదనను నమ్ముకుని బయలుదేరవద్దు. ఫ్రాన్సు ప్రభుత్వం ఇచ్చే ఐఫెల్ స్కాలర్‌షిప్‌కు విద్యార్థి నేరుగా దరఖాస్తు చేయలేరు, చేర్చుకునే సంస్థే పేరు పంపాలి. అందుచేత ఆమె ఆ సంస్థకు శరదృతువులోనే ఉత్తరం రాయాలి.

చదువు తర్వాత ఏమిటన్నది మీరు నేరుగా అడగకపోయినా, ఆ ప్రశ్న మీ ఉత్తరమంతటా కనిపించింది. ఆ పరిసరాల్లో పరిశోధనకూ పరిశ్రమకూ కొరత లేదు. అణుశక్తి, సాంకేతిక రంగాల ప్రభుత్వ సంస్థ సీఈఏ పరిశోధన కేంద్రం, కంప్యూటర్ సైన్స్ జాతీయ పరిశోధన సంస్థ ఇన్రియా, క్రోల్‌లో ఎస్‌టీ మైక్రోఎలక్ట్రానిక్స్ చిప్పుల కర్మాగారం అన్నీ చుట్టుపక్కలవే. కంప్యూటర్ సైన్స్‌లో అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డును 2007కు పంచుకున్న జోసెఫ్ సిఫాకిస్ స్థాపించిన వెరిమాగ్ ప్రయోగశాల ఇక్కడే ఉంది. గ్రెనోబుల్‌లో పుట్టిన లస్టర్ అనే ప్రోగ్రామింగ్ భాష ఆధారంగా తయారైన పరికరాలతో ఎయిర్‌బస్ విమాన నియంత్రణ సాఫ్ట్‌వేర్ రాశారు. రెండు నెలలకు మించిన ఇంటర్న్‌షిప్‌కు సంస్థ భృతి ఇవ్వాలని చట్టం చెబుతుంది. 2018లో కుదిరిన ఒప్పందం ప్రకారం మాస్టర్స్ పూర్తి చేసిన భారతీయ విద్యార్థులు ఉద్యోగం వెతుక్కోవడానికి మొత్తం రెండేళ్ల వరకు అక్కడ ఉండవచ్చు.

ఆమెకు ఇప్పుడు చేతిలో ఉన్నది వేసవి. బ్యాక్‌లాగులు ఉంటే తీర్చుకోమనండి. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత మళ్లీ మొదటి నుంచి చదవమనండి. తాను గణితం వాడి చేసిన ఒక ప్రాజెక్టు గురించి ఒక పేజీకి మించకుండా, నెట్‌లో దొరికే నమూనాలు చూడకుండా, సొంత మాటల్లో ఉత్తరం రాయమనండి. ఆ మొదటి ప్రతిని నాకు పంపితే చదివి నా అభిప్రాయం రాస్తాను.