ఫిరంగులు తర్వాత, ముందు పద్దు

అమ్మాయీ,

నువ్వు రాస్తున్న అంతరిక్ష ఆట కోసం, ఓడల క్లాసులు (ఒకే నమూనాలో కట్టే ఓడల రకాలు) పేజీకొకటి రాసి పంపిన ఫైలు అందింది. మొదటి ఎనిమిది పేజీలు చదివేసరికి ఒళ్ళు మండింది. వజ్ర క్లాసుకి నలభై ఫిరంగులు, గరుడకి అరవై, నారసింహకి నూట ఇరవై. హిట్ పాయింట్లు, అంటే ఓడ ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందో ఆ లెక్క, పేజీ పేజీకీ రెట్టింపు. ఇక చాలని మూసేయబోతూ తొమ్మిదో పేజీ చూశాను.

తెప్ప క్లాసు. ఆరుగురు మనుషులు, నాలుగు బంకులు, వంతులవారీగా నిద్ర. ఫిరంగి ఒక్కటీ లేదు. అడుగున చిన్న అక్షరాల్లో "కుడి ఎయిర్‌లాక్ ఏడాదిగా పనిచేయడం లేదు, బాగుచేయించడానికి డబ్బుల్లేవు" అని రాశావు. దాని పక్కనే నాకోసం ఇంకో ముక్క: "ఇది ఊరికే పేజీ నింపడానికి పెట్టాను మాస్టారూ, తీసేస్తాను." ఆ ముక్క చూసే ఈ ఉత్తరం రాస్తున్నాను. దాన్ని తీసేయకు. తీసేయాల్సినవి మిగతా ఎనిమిదీ.

నాదొక మూర్ఖపు పట్టు ఉంది. నన్నెరిగినవాళ్ళు విని విని విసిగిపోయారు, ఇప్పుడు నీ వంతు. ఈ ఓడ ఎవరు కట్టమన్నారు, డబ్బు ఎవరిది, ఇది చేయలేని పని ఏది? ఈ మూడూ తేలకుండా ఓడ బొమ్మ కూడా గీయకూడదు. ఫిరంగులు చిట్టచివర.

నేను విశాఖ పోర్టులో టాలీ క్లర్కుగా బతికినవాణ్ణి. ఓడ అడుగు సరుకు గదిలోంచి తాళ్ళ స్లింగు పైకి లేచినప్పుడల్లా బస్తాలు లెక్కపెట్టి షీటు మీద గీతలు గీయడం నా ఉద్యోగం. ఒకసారి ఒక విదేశీ ఓడ మీద పనిచేసే కుర్ర ఆఫీసరు, రాత్రి షిఫ్టులో నేను కథలు రాసుకోవడం చూసి, తన దగ్గరున్న మూడు చిన్న నల్ల పుస్తకాలు ఇచ్చి వెళ్ళాడు. ట్రావెలర్ అనే ఆట, 1977లో అమెరికాలో వచ్చింది. ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి పాచికలతో ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్ ఉంటుందనే నాకప్పటికి తెలియదు. లోపల ఓడల పేజీలు తిప్పితే మా పోర్టు ఆఫీసు కనబడింది!

ఆ ఆటలో ఫ్రీ ట్రేడర్ అని 200 టన్నుల చిన్న ఓడ ఉంది. ఆ టన్ను బరువు కాదు, చోటు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టేంత జాగా, అంటే సుమారు 14 ఘనమీటర్లు. నక్షత్రాల మధ్య దూరాన్ని పార్సెక్కుల్లో కొలుస్తారు. ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి ఒక పార్సెక్కు దూకాలంటే ఓడలో పదో వంతు చోటు ఇంధనానికి వదులుకోవాలి, రెండు పార్సెక్కులు దూకాలంటే అయిదో వంతు. దూరం పోవాలనుకున్నకొద్దీ సరుకు తగ్గుతుంది. ఇప్పుడు డబ్బు చూడు. 1981 నాటి ముద్రణలో ఆ ఓడ ధర 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు (ఆ ఆటలో డబ్బు). అయిదో వంతు ముందు కట్టాలి, మిగతాది 40 ఏళ్ళపాటు నెలనెలా. వాయిదా 1,54,500. సరుకు గది 82 టన్నులు, టన్నుకి కిరాయి 1,000. దూకడానికి ఒక వారం, రేవులో ఒక వారం, వెరసి నెలకి రెండు ట్రిప్పులు. గది రెండుసార్లూ నిండితే వచ్చేది 1,64,000. వాయిదా పోగా మిగిలింది 9,500. పైలట్, ఇంజనీర్, డాక్టర్, స్టీవార్డ్, నలుగురి జీతాలే 15,000!

చూశావా, తుపాకీ పేలకముందే కథ మొదలైంది. ఆ లోటు పూడాలంటే ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలి, లేదా అడగకూడని పెట్టెలు ఎక్కించుకోవాలి. ఆట నడిపించే గేమ్ మాస్టర్ నోరు విప్పక్కర్లేదు, ప్లేయర్లే దొంగసరుకు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. నీ నారసింహ క్లాసు ఎక్కినవాడికి ఆ అవసరం ఎప్పుడొస్తుంది? వాడు ఎవరికీ బాకీ లేడు.

ఈ మాట చెప్పినందుకే ఒక వారపత్రిక ఎడిటర్ నా సీరియల్ పీక కోశాడు. సరుకుతో వచ్చిన ఓడకి రేవులో నిలిపే బెర్తు దొరక్క, కిరాయికి తీసుకున్న కంపెనీ మీద డెమరేజి, అంటే ఆలస్యానికి కట్టాల్సిన రుసుము, రోజురోజుకీ పెరుగుతూ, కెప్టెన్‌కీ ఏజెంటుకీ మధ్య తగువు ముదిరే అధ్యాయం అది. "అద్దె గొడవలు ఎవడిక్కావాలండీ, శత్రువు రావాలి" అని ఎర్ర ఇంకుతో కొట్టేసి, బొమ్మలో పచ్చ చర్మం రాకుమారిని దింపాడు. నా కథలో రాకుమారే లేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి హైదరాబాదులో ఒక మొబైల్ గేమ్ కంపెనీవాళ్ళు ఓడలు రాసిపెట్టమన్నారు. కామన్, రేర్, ఎపిక్, లెజెండరీ అని అరలు కట్టి, ఒక్కో అరకీ ఒక పురాణం పేరు తగిలించమన్నారు. లెజెండరీ ఓడ ఏం మోస్తుందని అడిగితే, "అది కొనుక్కోవడానికి సార్" అన్నారు. చివరి విడత డబ్బులు ఇప్పటికీ రాలేదు. నీ వజ్రం, గరుడ చూడగానే వాళ్ళే గుర్తొచ్చారు, కోపంలో సగం వాళ్ళదే అనుకో.

క్లాసులు ఎలా పుడతాయో బయట ప్రపంచంలో చూడు. పనామా కాలువ పాత లాకుల్లో, అంటే ఓడల్ని ఎత్తి దింపే నీటి గదుల్లో, పట్టే ఓడ వెడల్పు 32.3 మీటర్లు. అంతే, దానికి సరిగ్గా సరిపోయేలా ప్రపంచమంతా ఓడలు కట్టి పనామాక్స్ అన్నారు. నీ విశ్వంలో నక్షత్రద్వారాలున్నాయి కదా, ఒక్కదానికీ వెడల్పు రాయలేదేం?

యుద్ధనౌకలూ అంతే. 1922లో వాషింగ్టన్ ఒప్పందం ప్రకారం క్రూజరు అనే మధ్యరకం యుద్ధనౌక 10,000 టన్నులు దాటకూడదు, దాని ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు 8 అంగుళాలు దాటకూడదు అన్నారు. దాటకూడదు అన్న గీత దగ్గరికే అందరూ పరిగెత్తారు. టన్నులు మిగల్చడానికి కవచం పలచన చేశారు. 1930లో లండన్‌లో మళ్ళీ కూర్చుని, 6.1 అంగుళాలు దాటని ఫిరంగులుంటే తేలిక క్రూజరు, దాటితే భారీ క్రూజరు అని విడదీశారు. జపాను మొగామి క్లాసుకి సరిగ్గా 6.1 అంగుళాల ఫిరంగులు పదిహేను పెట్టి, తేలికదే అని ప్రపంచానికి చూపించింది. ఒప్పందాల నుంచి బయటపడ్డాక ఆ పదిహేనూ పీకేసి 8 అంగుళాలవి పది బిగించింది. ఇలాంటి ఒప్పందం ఒకటి నీ గ్రహాల మధ్య రెండు వాక్యాల్లో రాయి. దాన్ని పాటించే ఓడలు, పాటిస్తున్నట్టు నటించే ఓడలు వాటంతటవే పుట్టుకొస్తాయి.

నీ తెప్పకి దగ్గర చుట్టం మన తీరంలోనే ఉండేది, మాసుల పడవ. రేవు లేని చోట, పెద్ద ఓడ దూరంగా లంగరు వేస్తే, అలలు దాటి సరుకూ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చేది. పలకల్ని మేకులతో కాక కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఇసుకకి కొట్టుకున్నప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టినది వంగి లేస్తుంది. స్పేస్‌పోర్టు లేని గ్రహం మీద దిగే ఓడకి నువ్వు కవచం పెంచావు. పెంచకు, వంగనివ్వు.

ఒకే క్లాసులో రకాలు ఎలా చూపించాలని అడిగావు. శ్రీహరికోట నుంచి లేచే ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ చూడు. నడిమి రాకెట్ అదే, పక్కన కట్టే చిన్న రాకెట్లు, స్ట్రాపాన్లు, లేకపోతే సీఏ, రెండుంటే డీఎల్, నాలుగైతే క్యూఎల్, ఆరు పెద్దవి పెడితే ఎక్స్ఎల్. మోసే బరువును బట్టి, పోయే కక్ష్యను బట్టి ఎంచుకుంటారు. కొత్త పేజీ అక్కర్లేదు, రెండు గీతలు చాలు.

ఇంకొక్కటి, వేడి. నారసింహలో నాలుగు రియాక్టర్లు పెట్టావు, ఆ వేడంతా ఎటు పోతుంది? శూన్యంలో గాలి లేదు, నీళ్ళు లేవు, వేడి వికిరణంగానే పోవాలి. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సౌర ఫలకాలతో పాటు అమోనియా తిరిగే తెల్లని రేడియేటర్లు, వేడిని బయటికి వదిలే పలకలు, ఉంటాయి. నీ ఓడకీ అవి తగిలించు. పోరాటంలో అవి విప్పి ఉంటే మొదటి దెబ్బకే చిరుగుతాయి, ముడిస్తే లోపల వేడి పేరుకుంటుంది. ముడిచిన రౌండు నుంచి రౌండుకొక హీట్ పాయింటు ఎక్కించు. ఆరో పాయింటు దగ్గర ఇంజనీరు పాచిక వేయాలి. విప్పాలా వద్దా అని పైలట్, ఇంజనీరు కొట్టుకుంటారు. ఆ తగువు కోసమే ఆట.

అన్నట్టు, టేబుల్ చుట్టూ కూర్చునేది అయిదుగురు. నీ నారసింహలో సిబ్బంది రెండువేల నాలుగు వందలు. పైలట్ ఒక పాచిక, గన్నర్ ఒక పాచిక, మిగతా ముగ్గురూ ఫోన్లు చూసుకుంటారు. ఆరుగురి ఓడలో ఎవరి పని ఆగినా అందరికీ తెలుస్తుంది. విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర జలాంతర్గామి చూశావా? 91 మీటర్ల పొడవు, గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరాలి, టార్పెడోల పక్కనే బంకులు. సెల్ఫీలు మాని, అక్కడ ఎవడు ఎక్కడ పడుకుంటాడో కాగితం మీద గీసుకురా.

పబ్లిషరు సంగతి అడిగావు, బొమ్మలు ఎవరిచేత వేయించాలో అడిగావు, షీల్డులు ఎన్ని పొరలుండాలో అడిగావు. షీల్డుల మీద నాకే అభిప్రాయమూ లేదు. మిగతా రెండూ ఆట పూర్తయ్యాక చూద్దాం. ముందు తెప్ప నెల ఖర్చు వేసి పంపు: వాయిదా, జీతాలు, గాలి, తిండి, రేవు రుసుము. ఒక్క పేజీ చాలు. ఫోన్లో కాదు, ప్రింటు తీసి పోస్టులో వెయ్యి, పట్టికలు చిన్న తెర మీద నాకు ఆనవు.

మా ఆదివారం ఆటలో ఇంజనీరు పాత్ర ఆడే అబ్బాయికి బెంగళూరు బదిలీ అయింది. మీ కాలేజీకి సెలవులు ఎప్పుడో రాయి. వస్తే పాచికలు నీవి నువ్వే తెచ్చుకో, నావి నేను ఎవరికీ ఇవ్వను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు