ఉపవాసం సంగతి పక్కన పెట్టు, నాన్నతో మాట్లాడు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది నరసరావుపేట దగ్గర పల్లె, లూథరన్ క్రైస్తవ కుటుంబం. నాన్న సంఘపెద్ద. నాలుగేళ్ల కిందట ఆయన వద్దన్న సంబంధం చేసుకున్నాను. మావారూ విశ్వాసే, సంఘం మాత్రం వేరు. నాన్న పెళ్లికి రాలేదు. ‘తండ్రి మాట కాదన్నవాళ్లని దేవుడు ఊరికే వదలడు’ అన్నారు. అమ్మ ఆయన ఇంట్లో లేనప్పుడు ఫోన్ చేస్తుంది. నాకు రెండుసార్లు మూడో నెలలో గర్భం పోయింది. అప్పటినుంచి మోకరిస్తే వణుకు పుడుతుంది. చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్ల మీది తెల్లగుడ్డ తీసేసరికి లేచి, బయట చెప్పుల దగ్గర నిలబడతాను. నలభై రోజులు ఉపవాసం ఉంటే దేవుని కోపం చల్లారుతుందా? మావారు వద్దంటున్నారు.

జవాబు: మీ ఆయన చెప్పిందే సరి. రెండుసార్లు గర్భం పోయి నీరసించిన ఒళ్లు నీది. ఉపవాసం మాట ఇక ఎత్తకు.

ముందు డాక్టరు సంగతి. తెలిసిన ప్రతి వంద గర్భాల్లో పది నుంచి ఇరవై దాకా నిలబడవు. మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో సగం వరకూ పిండంలోని క్రోమోజోముల తేడావల్లే. అందులో తల్లి చేసిన తప్పేమీ ఉండదు. అయినా వరసగా రెండుసార్లు జరిగింది కాబట్టి థైరాయిడ్, షుగర్, రక్తం గడ్డకట్టే లక్షణం ఉందేమో చూపించుకోండి. ఇద్దరూ కలిసి వెళ్లండి.

ఇక అసలు విషయం. నీ ఉత్తరంలో దేవుడు అన్న మాటంటూ ఒక్కటీ లేదు. ఉన్నదల్లా మీ నాన్న అన్న మాట. నాలుగేళ్ల కిందట గుమ్మంలో ఆయన కోపంతో అన్నది, నీ కడుపులో బాధ రేగిన రోజున దేవుడి తీర్పై కూర్చుంది. నువ్వు మోకరించినప్పుడు ఎదురుగా కనిపిస్తున్నది ఆ గుమ్మంలో నిలబడ్డ నాన్నే.

మీ సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్‌కీ ఇలాంటి నాన్నే ఉన్నాడు. కొడుకు లాయరు కావాలని ఆయన ఆశ. 1505లో పిడుగు దగ్గర్లో పడితే లూథర్ హడలిపోయి, సన్యాసినవుతానని మొక్కుకుని మఠంలో చేరాడు. 1507లో మొదటిసారి బల్ల దగ్గర ఆరాధన జరిపించినప్పుడు వణికిపోయాడు. ఆ రోజు విందులో తండ్రి, ‘తల్లిదండ్రుల మాట వినాలన్న సంగతి నువ్వు వినలేదా’ అని నిలదీశాడు. ఆ మాట ఎంత లోతుగా దిగిందంటే, పద్నాలుగేళ్ల తర్వాత తండ్రికి రాసిన ఉత్తరంలో కూడా దాన్ని తలుచుకున్నాడు. ఉపవాసాలు, జాగారాలు, గంటల తరబడి పాపాల ఒప్పుకోలు అన్నీ చేశాడు. ఏదీ ఆయన భయం తీర్చలేదు. పాపుల్ని శిక్షించే ఆ దేవుణ్ని ద్వేషించానని తర్వాత తనే రాసుకున్నాడు. బైబిల్లోని రోమా పత్రిక చదువుతూ చదువుతూ, దేవుని నీతి మనం సంపాదించేది కాదు, విశ్వాసంవల్ల ఉచితంగా దొరికేదని గ్రహించాకే స్థిమితపడ్డాడు. మీ నాన్న పెద్దరికం చేస్తున్న సంఘం నిలబడింది ఆ కృప మీదే. నలభై రోజుల ఆకలితో నువ్వు దాన్ని కొనాలనుకుంటున్నావు.

బల్ల గురించి నీకున్న భయం తెలుసు. ‘అయోగ్యముగా’ తీసుకుంటే జబ్బులొస్తాయి, ప్రాణం పోతుంది అని చిన్నప్పటినుంచీ విని ఉంటావు. పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక పదకొండో అధ్యాయం మొత్తం ఒకసారి చదువు. అక్కడ బల్ల దగ్గర డబ్బున్నవాళ్లు ముందే తిని తాగి మత్తెక్కుతుంటే లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయారు. పౌలు గద్దించింది ఆ డబ్బున్నవాళ్లని. బిడ్డల్ని పోగొట్టుకుని చెప్పుల దగ్గర ఏడుస్తూ నిలబడ్డ అమ్మాయిని కాదు. పుట్టుగుడ్డివాణ్ని చూసి, పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులడిగితే యేసు ఇద్దరిదీ కాదన్నాడు. నీకు మాత్రం వేరే జవాబు చెప్తాడా?

దేవుని భయం ఉండొద్దా అని మీ నాన్న అడగొచ్చు. ఉండాలి. ఇంకొకరికి అన్యాయం చేయబోయే చేతిని ఆపే భయం ఉండాలి. కన్నబిడ్డని తండ్రి దగ్గరికి రాకుండా తరిమే భయం నాకైతే భక్తి అనిపించదు. తల్లిదండ్రులను సన్మానించమన్న ఎఫెసీ పత్రిక ఆ వెంటనే, పిల్లలకు కోపం రేపొద్దని తండ్రులకూ చెప్పింది. సంఘంలో వాక్యం చదివే మనిషికి ఆ రెండో మాట తెలియదనుకోను.

అందుకే ఆయన దగ్గరికి వెళ్లు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లాల్సిన పిల్లవి, ఆ గడప నీకు పరాయిదేం కాదు. క్రిస్మస్‌కి చుట్టాలంతా ఉన్నప్పుడు వద్దు. మామూలు రోజు, మీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లు. పెళ్లికి క్షమాపణ అడగొద్దు. తప్పు చేయనిదానికి కాళ్లు పట్టుకుంటే ఆ భయం ఇంకా ముదురుతుంది. ‘నాన్నా, ఆ రోజు మీరన్న మాట నన్ను తినేస్తోంది. నా బిడ్డల్ని దేవుడు శిక్షగా తీసుకున్నాడని మీరు నిజంగా నమ్ముతున్నారా?’ అని అడుగు. అడిగి ఊరుకో. జవాబు ఆయన్నే చెప్పనివ్వు. తన నోటి మాట కూతుర్ని ఎక్కడిదాకా తోసిందో ఆయనకు ఇప్పటికీ తెలిసి ఉండదు. చాలామంది తండ్రులకు తెలియదు, ఎవరూ చెప్పరు కనుక.

కరిగితే సంతోషం. కరగకపోతే అన్నం తినమన్నా అనకపోయినా మర్యాదగా లేచి వచ్చేయండి. ఆయన క్షమించేదాకా బల్ల మానేయాల్సిన పని లేదు, రెంటికీ సంబంధం లేదు. ఈ నెల బల్ల ఆదివారం వెనక బెంచీలో వద్దు, మీ ఆయన పక్కన ముందు కూర్చో. వణుకు వస్తే వణుకుతూనే చెయ్యి చాపు.

ఈసారి అమ్మ ఫోన్ చేసినప్పుడు, నాన్న ఏ రోజు తీరిగ్గా ఇంట్లో ఉంటారో అడుగు.