నారుమడి చూసుకో, నాన్నా

పెన్‌రిత్, సిడ్నీ

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోన్లో నా మాట సగంలో ఉండగానే నీకు ఇంకో కాల్ వచ్చింది. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ పిల్లల క్లబ్బు బాధ్యత నెత్తినేసుకున్నందుకు ముందుగా చాలా సంతోషం. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో రగ్బీ లీగ్‌కి పిల్లల్ని కూడగట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. అక్కడ ఊరంతా ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్, మనవాళ్ల పిల్లలంతా క్రికెట్. పోయిన ఏడాది మీ అండర్-16 జట్టు అట్టడుగున నిలిచిందనీ, ఈసారి పక్క క్లబ్బుల నుంచి ఐదుగురు మంచి ఆటగాళ్లను లాక్కొస్తే గట్టెక్కేస్తామనీ అన్నావు. ఆ ఐదుగురి జోలికి పోయేముందు ఒక్కసారి ఆగమని చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇది మీ అమ్మ కూడా చదువుతుంది కాబట్టి తన కోసం రెండు ముక్కలు. చెల్లాయ్, ఈ ఆటలో జట్టుకు 13 మంది. బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, పక్కవాడికి ఇస్తే వెనక్కే ఇవ్వాలి, ముందుకు విసరకూడదు. అవతలివాళ్లు పట్టుకుని పడేస్తే అది ట్యాకిల్. ఆరు ట్యాకిళ్లలోపు గీత దాటి బంతిని నేలకు ఆనించలేకపోతే బంతి వాళ్లకు పోతుంది. నాన్నగారు ఆడిన కబడ్డీకి దగ్గర చుట్టమే అనుకో.

నాన్నా, నేను ఈ ఊరొచ్చిన 2001లో మా ఊరి క్లబ్బు పెన్‌రిత్ పాంథర్స్ పట్టికలో ఆఖరి జట్టు. రెండేళ్లకే 2003లో ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ కప్పు, గెలిచారు. ఆ రాత్రి మా వీధిలో ఎవరూ నిద్రపోలేదు. కానీ 2007 వచ్చేసరికి మళ్లీ ఆఖరి స్థానం. గెలిచినప్పుడు మెళ్లో దండలు వేశారే గానీ, ఆ ఆటగాళ్ల వెనక ఎవరు తయారవుతున్నారో గట్టిగా చూసుకోలేదని నా అభిప్రాయం. పైకి రావడానికి రెండేళ్లు చాలొచ్చు. పైన ఉండాలంటే వేరే పని ఉంది, అది నారుమడి పని. మన ఊళ్లో నారు ముదిరిపోయాక పక్క ఊరి నుంచి మోపులు కొనుక్కొచ్చి నాటినవాడి చేను ఎలా ఉండేదో నువ్వు చూడలేదు. మీ అమ్మని అడుగు.

2011లో ఫిల్ గూల్డ్ జనరల్ మేనేజర్‌గా తిరిగి పెన్‌రిత్‌కు వచ్చాడు. 1991లో ఈ క్లబ్బుకు మొట్టమొదటి ప్రీమియర్‌షిప్ తెచ్చిన కోచ్ ఆయనే. వచ్చీ రాగానే చెక్కు పట్టుకుని స్టార్ల వెంట పడలేదు. ఐదేళ్ల లెక్క వేసుకుని, సొంత ఊరి పిల్లల మీద పెట్టుబడి పెట్టాడు. 2016లో అకాడమీ భవనం తెరిచారు. మా పక్కనున్న మౌంట్ డ్రూయిట్ నుంచి జరోమ్ లువాయ్, బ్రయన్ టోఓ, స్టీఫెన్ క్రైటన్ వచ్చారు. బ్లూ మౌంటెన్స్ అవతలున్న డబ్బో నుంచి ఐజయా యో వచ్చాడు. అయినా ఫలితం వెంటనే రాలేదు. కోచ్ ఐవన్ క్లియరీని 2015లో తీసేశారు, మూడేళ్లకు మళ్లీ ఆయన్నే పిలిపించుకున్నారు. తిరిగొచ్చిన మొదటి ఏడాది 2019లో పదో స్థానం. 2020లో లీగ్ మొత్తంలో ఒక్క ఆటే ఓడిపోయి, గ్రాండ్ ఫైనల్లో మెల్‌బోర్న్ స్టార్మ్ చేతిలో 26–20తో ఓడారు. ఆ తర్వాత 2021, 2022, 2023, 2024, వరసగా నాలుగు. 1956 నుంచి 1966 దాకా సెయింట్ జార్జ్ పదకొండు వరసగా గెలిచాక, వరసగా నాలుగు కొట్టినవాళ్లు మళ్లీ వీళ్లే.

ఇందులో నువ్వు పట్టుకోవాల్సింది కప్పుల లెక్క కాదు. వీళ్లు నాలుగు గెలుస్తూ ఎంతమందిని పోగొట్టుకున్నారో చూడు. శాలరీ క్యాప్ అని ఒకటుంది కదా, పైస్థాయి 30 మందికి కలిపి ఏ క్లబ్బయినా ఇంతే ఖర్చు పెట్టాలని, 2023లో అది సుమారు 1.2 కోట్ల డాలర్లు. గెలిచిన ప్రతి కుర్రాడి రేటూ పెరుగుతుంది, అందరినీ ఉంచుకోవడం కుదరదు. 2021 గెలవగానే మాట్ బర్టన్, కర్ట్ కేప్‌వెల్ వెళ్లిపోయారు. మరుసటి ఏడాది కికావు, కొరొయిసావు. ఆపైన క్రైటన్, స్పెన్సర్ లెనియు. 2024 తర్వాత లువాయ్, ఫిషర్-హారిస్. ఏటా ఇంట్లోంచి రెండు దూలాలు తీస్తున్నా ఇల్లు కూలలేదు. ఎందుకంటే 2022లో పెన్‌రిత్ పెద్ద జట్టుతో పాటు రిజర్వు జట్టు, అండర్-21, అండర్-19 జట్లు కూడా తమ తమ గ్రాండ్ ఫైనల్స్ గెలిచాయి. కింద ఆడే కుర్రాడు కూడా పైజట్టు ఆట పద్ధతే నేర్చుకుంటున్నాడు. పైకి వచ్చిన రోజున వాడికి మారేది చుట్టూ ఉన్న మనుషులే.

2023 గ్రాండ్ ఫైనల్ గుర్తుందా, మా ఇంట్లోనే చూశావు. ఇంకా పాతిక నిమిషాలు కూడా లేవు, బ్రిస్బేన్ 24, మేము 8. లువాయ్ భుజం పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. వాడి చోట జాక్ కోగర్ ఆడుతున్నాడు. అంతకు ముందు ఏడాది ఇంగ్లండ్‌లో హడర్స్‌ఫీల్డ్‌కి ఆడినవాడు, వచ్చే ఏడాదికి న్యూకాసిల్‌తో ఒప్పందం కూడా అయిపోయినవాడు. నువ్వు సోఫాలోంచి లేచి, "అయిపోయింది మావయ్యా, పడుకుంటా" అన్నావు. తర్వాత మోజెస్ లియోటా, క్రైటన్, కోచ్ కొడుకు నేథన్ క్లియరీ వరసగా గీత దాటారు, 26–24. అందరూ నేథన్ కొట్టిన 40/20 కిక్కు (తన వైపు 40 మీటర్ల లోపల నుంచి తన్నితే, అవతలివాళ్ల 20 మీటర్ల లోపల నేలకు తగిలి పక్కగీత దాటేది) గురించే మాట్లాడతారు, మాట్లాడాల్సిందే. నేను మాత్రం కోగర్‌నే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడ నిలబడాలో, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో ఒక్క క్షణం కూడా వెతుక్కోలేదు వాడు. క్లబ్బు వదిలి వెళ్లిపోతున్న కుర్రాడికి అంత శ్రద్ధగా నేర్పారంటే, ఆ నేర్పినవాళ్లకు దణ్ణం పెట్టాలి.

ఇప్పుడు మా పాత క్లబ్బు సంగతి, నా తప్పు ఒకటి చెప్పాలి. నీకు ఎప్పుడూ చెప్పలేదు.

2009లో మా అండర్-13 జట్టుకు కోచ్ పక్కన నేనే ఉండేవాణ్ని. ఎవరు ఎంతసేపు ఆడాలో రాసేది నేనే. అందులో ఒకడు పన్నెండేళ్లకే నా ఎత్తు ఉండేవాడు. బంతి వాడి చేతికిస్తే చాలు, ముగ్గుర్ని ఈడ్చుకుంటూ గీత దాటేసేవాడు. ఆ ఏడాది ఫైనల్ కూడా గెలిచాం. బెంచీ మీద ఒక బక్కపిల్లాడు ఉండేవాడు. జులై నెల, ఇక్కడ చలికాలం, పొద్దున ఎనిమిదింటికి గడ్డి మీద తెల్లగా మంచు, నేల రాయిలా గట్టిగా ఉండేది. ట్యాకిల్ చేసి పడ్డాక మిగతా పిల్లలు ఒక క్షణం మూలిగి లేచేవాళ్లు. వీడు మాత్రం అరచెయ్యి నేలకు ఆనించి, ఒక మోకాలు, వెంటనే రెండో మోకాలు, లేచి బంతి ఎదురుగా నిలబడేవాడు. నిలబడుతూనే పక్కవాడి చొక్కా పట్టుకుని "ఎడమ వైపు, ఎడమ వైపు" అని అరిచేవాడు. మోచేతి మీద చెక్కుకుపోయి నెత్తురు కారుతున్నా చూసుకునేవాడు కాదు. నేను చూశాను. చూసి కూడా ఆటకు పది నిమిషాలే ఇచ్చాను, గెలుస్తున్నాం కదా అని.

సీజన్ అయ్యాక వాళ్లమ్మ జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి తెచ్చి ఇచ్చింది. భుజం దగ్గర ఊడిన కుట్టు కూడా వేసి తెచ్చింది. థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది, ఒక్క మాట కూడా అనలేదు. వాడు వేరే క్లబ్బులో చేరాడు. పదిహేనేళ్లు వచ్చేసరికి తక్కిన పిల్లలందరూ ఎదిగారు, మా పెద్దవాడిని పడేయడం అందరికీ చేతనైంది. బంతి పక్కవాడికి ఇవ్వడం మేము వాడికి నేర్పనే లేదు, అవసరం పడలేదు కదా. పదహారేళ్లకే ఆట మానేశాడు. ఆ బక్కపిల్లాడు జిల్లా జట్టులో తొమ్మిదో నంబరు, అంటే ఆట నడిపే హుకర్ జెర్సీ వేసుకున్నాడు. ఇద్దరు పిల్లలకూ అన్యాయం చేశాను నేను. అందుకే చెబుతున్నా, నీ జట్టులో పరిగెత్తేవాడిని అందరూ చూస్తారు, పడి లేచేవాడిని నువ్వు చూడు. ఒక శనివారం నోట్‌బుక్ పట్టుకుని, ట్యాకిల్ అయ్యాక ఎవరు ముందు లేస్తున్నారో గీతలు పెట్టుకో. ఆ రోజు స్కోరు సంగతి వదిలెయ్.

ఇక నీ పక్కనే ఉన్న స్టార్మ్ సంగతి. 2010లో శాలరీ క్యాప్ దాటి దొంగలెక్కలు రాశారని తేలి, 2007, 2009 ప్రీమియర్‌షిప్‌లు రెండూ లాగేసుకున్నారు. ఆ ఏడాదంతా పాయింట్లు లేకుండానే ఆడారు. క్లబ్బు చేసింది తప్పే, అందులో సందేహం లేదు. కానీ ఆ తర్వాత చేసింది చూడు. లెక్కకు సరిపడా గ్రెగ్ ఇంగ్లిస్ లాంటి వాడిని కూడా వదులుకున్నారు గానీ స్లేటర్, క్రాంక్, స్మిత్ ముగ్గురినీ వదల్లేదు. వరసగా ఫుల్‌బ్యాక్ (1), హాఫ్‌బ్యాక్ (7), హుకర్ (9). ఈ ఆటలో 1, 6, 7, 9 నంబర్లను వెన్నెముక అనేది ఊరికే కాదు, ప్రతి నిర్ణయం వాళ్ల చేతుల మీదుగానే పోతుంది. 2012లో మళ్లీ గెలిచారు. కోచ్ క్రెయిగ్ బెలమీ 2003 నుంచీ అక్కడే ఉన్నాడు. కొత్తగా చేరినవాళ్లను సీజన్‌కి ముందు కొన్నాళ్లు కూలిపనికి పంపిస్తాడని ఆయనకు పేరు. నువ్వు పిల్లల్ని కూలికి పంపక్కర్లేదు గానీ, ఆట అయ్యాక కోన్లు ఏరడం, టెంటు మడవడం బాగా ఆడేవాడితోనే మొదలుపెట్టించు.

బయటివాళ్లను అసలు తీసుకోవద్దని నేను అనను. బ్రిస్బేన్ చూడు, 2020లో చరిత్రలో తొలిసారి ఆఖరి స్థానం. హాఫ్‌బ్యాక్ ఆడమ్ రేనాల్డ్స్‌కి 30 ఏళ్లప్పుడు సౌత్స్ (సౌత్ సిడ్నీ క్లబ్బు) ఒక్క ఏడాదే ఇస్తామంటే, బ్రిస్బేన్ మూడేళ్లు ఇచ్చి 2022లో కెప్టెన్‌గా తెచ్చుకుంది. పేన్ హాస్ లాంటి కుర్రాళ్ల బలం అక్కడ ముందే ఉంది, దారి చూపే ఏడో నంబరు లేడు. ఆ ఒక్క ఖాళీ నింపారు. 2023లో ఫుల్‌బ్యాక్ రీస్ వాల్ష్ తిరిగొచ్చాడు. మధ్యలో 2024లో మళ్లీ పడిపోయారు, కోచ్ మారాడు, మైకేల్ మగ్వైర్ వచ్చాడు. 2014లో సౌత్స్‌ని 43 ఏళ్ల తర్వాత గెలిపించినప్పుడు ఆయన కోచ్, రేనాల్డ్స్ ఆయన ఆటగాడు. 2025లో స్టార్మ్ మీద 26–22తో కప్పు కొట్టారు. ఐదుగురిని తెస్తానంటున్నావు చూడు, వాళ్లలో నీ పిల్లలకు నేర్పగలిగేవాడు ఎవరో ఒక్కడిని చెప్పు, వాడిని తెచ్చుకుందాం. మిగతా నలుగురి వల్ల నీ నలుగురు పిల్లలు బెంచీ మీద కూర్చుంటారు, ఆ తర్వాత వాళ్ల అమ్మలు జెర్సీలు మడతపెట్టి తెస్తారు.

తల్లిదండ్రుల ఒత్తిడి నీకు ఎక్కువే ఉంటుంది, టెన్షన్ పడకు. సీజన్ మొదలవకముందే అందరినీ కూర్చోబెట్టి, ఈ ఏడాది ప్రతి పిల్లాడూ కనీసం సగం ఆట ఆడతాడని చెప్పెయ్. చెప్పాక మాట తప్పకు. గొడవ పెట్టుకునే ఒక నాన్న తప్పకుండా ఉంటాడు, ఆయన్ని బార్బెక్యూ దగ్గర ఉల్లిపాయలు వేయించడానికి పెట్టు. నిజంగానే చెబుతున్నా, పని ఉన్నవాడికి కేకలేసే తీరిక ఉండదు.

ఇప్పుడు చేయాల్సిన పని ఒకటే. ఒక పెద్ద కాగితం తీసుకుని పదమూడు నంబర్లు నిలువుగా రాయి. ఒక్కో నంబరు పక్కన మూడు పేర్లు: ఇప్పుడు ఆడేవాడు, వాడికి జ్వరమొస్తే ఆడేవాడు, మూడేళ్ల తర్వాత ఆడేవాడు. మూడో పేరు కోసం మీ అండర్-13, అండర్-12 ఆటలకు వెళ్లి నిలబడాలి. నీ జట్టు ఆట లేని రోజున కూడా వెళ్లు. ఎక్కడ పేరు దొరక్కపోతే అక్కడ ఖాళీగానే వదిలెయ్, ఏదో ఒక పేరు రాసి నింపకు. వచ్చే ఆదివారం లోపల ఫోటో తీసి పంపు, చూసి ఫోన్ చేస్తాను.

నా పాత విజిల్, కోన్ల సంచీ పార్సిల్లో వేశాను. సంచీలో అడుగున ఒక నోట్‌బుక్ ఉంటుంది, 2009 నాటిది. చదువు.

నీ మావయ్య